ఆవర్జాలో ఉన్న ఆ పేర్లు ఎవరివి?

కిందటి వేసవిలో రాజాంలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యాక తాంబూలంతో పాటు చేతిలో ఒక పుస్తకం కూడా పెట్టారు. నలభై పేజీలు, నున్నటి కాగితం, రంగుల అట్ట. ఆ ఇంటివాళ్ల వంశ చరిత్ర. మధ్య పేజీలు రెండూ విప్పితే పెద్ద మర్రిచెట్టు బొమ్మ. మొదట్లో ముత్తాతగారి తాతగారు, కొమ్మల్లో కొడుకులు, రెమ్మల్లో మనవలు. చివరి ఆకులు అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. ఆడపిల్లల ఆకులు కొంచెం చిన్నవిగా వేశారు, అది వేరే సంగతి.

బస్సులో వస్తూ చదివాం. ఆ పెద్దాయన వందా ముప్పై నలభై ఏళ్ల కిందట ఒక ఎద్దు, రెండు ఉప్పు బస్తాలతో రాజాం వచ్చాడట. సంతలో నేలమీద గోనె పరిచి మొదలుపెట్టి, ముందు అరుగు, తరవాత కొట్టు, తరవాత గోదాం కట్టాడట. తెల్లారకుండా లేచేవాడట. ఎవరినీ మోసం చెయ్యలేదట. గుడికి గంట ఇచ్చాడట, బాటసారులకి చలివేంద్రం పెట్టాడట. ఇందులో అబద్ధం ఉందని మేం అనడం లేదు. కష్టపడే ఉంటాడు. గంట ఇచ్చే ఉంటాడు.

మా గొడవంతా అందులోని రెండు వాక్యాలతో. కొండవాళ్లు ఆయన్ని దేవుడిలా చూసేవారని ఒక వాక్యం. ఆయన కొండ దిగువన కొట్టు పెట్టి భూములు సంపాదించాడని రెండో వాక్యం. పుస్తకం మొత్తంలో మన గురించి ఉన్నది ఆ మొదటి వాక్యమే. మన భూముల గురించి ఉన్నది ఆ రెండోదే. "సంపాదించారు" అని రాసేసి కింద పేరాలో పెద్దకొడుకు పెళ్లి సంగతిలోకి వెళ్లిపోయారు. ఎవరి దగ్గర? ఏ ఏడాది? ఎంతకి? అడిగేవాళ్లు లేరు గనక రాయలేదు. ఇప్పుడు మేం అడుగుతున్నాం.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో ఆ కుటుంబం పేరు రాయడం లేదు. ఒక్క ఇంటి మీద పడటానికి ఇది రాయడం లేదు. పాలకొండ, వీరఘట్టం, పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, రాజాం, ఏ ఊరి బజారుకి వెళ్లినా ఇలాంటి పాత కొట్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో చాలామంది మంచివాళ్లున్నారు. ఈ కుటుంబంలో మాకు అన్నం పెట్టినవాళ్లున్నారు. అది కూడా చెప్తాం.

రాజాం అంటే చదువుకున్నవాళ్లకి తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు, 1757 బొబ్బిలి యుద్ధం గుర్తొస్తుంది. ఈ కాలం పిల్లలకి జీఎంఆర్ గుర్తొస్తుంది. రాజాంలో పుట్టిన మనిషి జనపనార మిల్లుతో మొదలుపెట్టి విమానాశ్రయాల దాకా వెళ్లిన కథ. ఆ రెండు కథలూ ఎన్నోసార్లు చెప్పారు, చెప్పనివ్వండి. మనకి రాజాం అంటే సంత. రైలు కూడా లేని ఊరు. ఇప్పటికీ రైలెక్కాలంటే చీపురుపల్లో, బొబ్బిలో, ఆమదాలవలసో పోవాలి. అలాంటి ఊళ్లో బజారు ఎందుకు బలిసింది? ఒకవైపు సముద్రం, నౌపడా ఉప్పు కొటార్లు, ఎండుచేపలు. ఇంకోవైపు పాలకొండ దాటితే మన కొండలు, చింతపండు, పసుపు, పిప్పళ్లు, కరక్కాయలు, ఇప్పపువ్వు, కందులు, కొండచీపుర్లు. 1893 తరవాత కోస్తా వెంబడి రైలు వచ్చింది గానీ కొండ నుంచి రైలు దాకా సరుకు ఎడ్లమీదా, బళ్లమీదా, మన భుజాలమీద కావిళ్లతోనే దిగింది. ఉప్పు పైకి, చింతపండు కిందకి. ఈ రెండింటి మధ్యలో కూచున్నవాడి చేతిలో కుంచం ఉంది. ఆ కుంచం మన చేతిలో లేదు. ఈ బజార్ల చరిత్రలో సగం ఇదే.

ఉప్పు కూడా మామూలు సరుకు కాదు. కుంపిణీ వాళ్లు 1805లోనే మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టారు. తరవాత పన్ను. అంటే కొండమీది ముసలమ్మ గంజిలో వేసుకునే ఉప్పుకి ముందు దొర పన్ను, తరవాత దారి ఖర్చు, ఆపైన షావుకారి లాభం. ఉప్పు లేకుండా బతకలేం. కొండమీద ఉప్పు పండదు. చింతచెట్టు మనది, ఉప్పు వాళ్లది. బేరం అక్కడే తేలిపోయింది.

ఈ కుటుంబం సంగతి మాకెలా తెలుసో చెప్పాలి. పాతికేళ్ల కిందట టీటీసీ పూర్తి చేసి, డీఎస్సీకి చదువుకోవడానికి రాజాంలో గది వెతుక్కున్నాం. కొండవాళ్లకి గది ఇవ్వమని మొహం మీద అన్నవాళ్లు ఎవరూ లేరు. అద్దె చెప్పేటప్పుడు మాత్రం రెట్టింపు చెప్పేవారు. ఈ కొట్టు పెద్దాయన, ఇప్పుడు లేరు, కొట్టు వెనక గది ఇచ్చారు. అద్దె వద్దు, సాయంత్రాలు లెక్కలు రాసిపెట్టు చాలన్నారు. మొదటి నెల "ఒరే" అనేవారు. డీఎస్సీ ఫలితాలొచ్చిన రోజు నుంచి "మాస్టారూ" అన్నారు. ఆ ఒక్క రోజులో మాలో మారిందేమీ లేదు. అయినా ఆయన మీద మాకు కోపం లేదు. జ్వరమొస్తే ఆయన భార్య జావ కాచి పంపేది. ఆవిణ్ణి మేం అత్తమ్మా అనేవాళ్లం.

దీపావళికి లక్ష్మీపూజలో కొత్త పుస్తకాలతో పాటు పాత ఆవర్జాలు కూడా పెట్టేవారు. ఎర్రగుడ్డలో చుట్టి, పసుపు కుంకుమలు అద్ది. ఒక దీపావళి రాత్రి పెద్దాయన మురిపెంగా గుడ్డ విప్పి చూపించారు. పొడుగాటి పుస్తకం, గొలుసుకట్టు రాత. మాకు మొదట ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆయనే వేలు పెట్టి చదివి వినిపించారు. సర్వధారి సంవత్సరం. లెక్క కట్టి చూస్తే 1888. పక్కనున్న గంజాం జిల్లాలో కరువొచ్చిన కాలం. ఊరి పేరు, మనిషి పేరు, సరుకు, కొలత, గడువు. రాజాం చుట్టుపక్కల రైతుల పద్దుల్లో ఇంటిపేరుంది, తండ్రి పేరుంది, ఒక్కోచోట "గారు" ఉంది. కొన్ని పేజీలు తిప్పాక కొండ ఊళ్లు వచ్చాయి. అక్కడ ఇంటిపేరు పోయింది, తండ్రి పోయాడు. సవర ఫలానా గాడు. జాతాపు ఫలానా గాడు. ఉప్పు ఇన్ని సోలలు. చోళ్లు ఇన్ని అడ్డలు. కింద అడ్డంగా ఒక గీత, దానికి పక్కన చిన్న గుర్తు. అదేమిటని అడిగితే పెద్దాయన చెప్పారు: "బాకీ తీరింది. భూమితో."

అందులో మా మేనత్తగారి ఊరి పేరు ఉంది. ఆ ఊరి కింద నలుగురి పేర్లున్నాయి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ నలుగురిలో ఒకరు మావాళ్లే అయ్యుండొచ్చు. తేల్చుకోవడానికి ఆధారం లేదు. ఎందుకంటే వాళ్ల దగ్గర ఆవర్జా ఉంది, మన దగ్గర లేదు.

ఇప్పుడు ఆ చోళ్ల లెక్క చూద్దాం. మాస్టార్లు దీన్ని ఏడో తరగతి లెక్కల క్లాసులో వాడుకోవచ్చు. మన పెద్దవాళ్లు దీన్ని నాగు అంటారు, కొన్ని ఊళ్లలో నాము అంటారు. ఆషాఢంలో విత్తనానికో తిండికో ఒక అడ్డ చోళ్లు తెచ్చుకుంటే మార్గశిరంలో పంట ఇంటికి రాగానే ఒకటిన్నర అడ్డ కొలవాలి. మా అవ్వ చెప్పిన లెక్క ఇది. కొన్నిచోట్ల రెండు కొలిపించేవారని కూడా చెప్పేది. ఐదు నెలలకి సగం వడ్డీ అంటే ఏడాదికి నూటికి నూట ఇరవై. ఒక పంట పోయి తీర్చలేకపోతే ఆ ఒకటిన్నరే అసలు అవుతుంది. రెండో పంటకి రెండుంబావు. మూడో పంటకి మూడున్నరకి దగ్గర. నాలుగో పంటకి ఐదు అడ్డలు దాటిపోతుంది. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తీసుకునేటప్పుడు ఇంకో కుంచం అనే మాట ప్రతి ఊళ్లోనూ వింటాం. దాన్ని పక్కన పెడదాం. కుంచం నిజాయితీగా కొలిచినా ఈ లెక్క ఇంతే. ఆ పెద్దాయన ఎవరినీ మోసం చెయ్యలేదన్న మాట నిజమే కావచ్చు. మోసం చెయ్యాల్సిన అవసరమే లేదు.

ఇది మన ఊహ కాదు. తెల్లదొరల ప్రభుత్వమే ఒప్పుకుంది. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని 1839 చట్టంతో మామూలు కోర్టుల నుంచి తప్పించి ఏజెంటు చేతికి అప్పగించారు. అది మన మీద ప్రేమతో కాదు, తిరుగుబాట్ల భయంతో. కానీ కొండల్లోకి వ్యాపారాన్ని ఆపలేదు, వడ్డీని ఆపలేదు. డెబ్బై ఎనిమిదేళ్లు గడిచాక, 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చారు. ఆ చట్టం కొండజాతి మనిషి మీద ఏడాదికి నూటికి 24కి మించి వడ్డీ చెల్లదంది. చక్రవడ్డీ చెల్లదంది. వడ్డీ మొత్తం అసలుని మించకూడదంది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి భూమి బయటివాళ్లకి పోకూడదంది. ఇలాంటి చట్టం తేవాల్సి వచ్చిందంటే అప్పటికి కొండల్లో ఏం జరుగుతోందో వేరే సాక్ష్యం ఎందుకు? 1940లో అప్పు వెట్టిని రద్దు చేస్తూ మరో రెగ్యులేషన్ వచ్చింది. అప్పు తీరేదాకా షావుకారి ఇంట్లో చాకిరీ చేసే గోతి పద్ధతి 1940 దాకా ఉందన్నమాట. రంగుల అట్ట పుస్తకంలో నమ్మకమైన పాలేర్లు అని రాశారు చూశారా, వాళ్లెవరో ఇప్పుడు ఆలోచించండి.

ఇక్కడ మమ్మల్ని ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతారు. మన పిల్లలే అడుగుతారు. ఆ కొట్టు లేకపోతే ఉప్పు ఎవరు తెచ్చేవారు? కరువులో గింజలు ఎవరు ఇచ్చేవారు? ఇది న్యాయమైన ప్రశ్న, దాటెయ్యకూడదు. ఆ ఏడాది ఆ అడ్డ చోళ్లు దొరక్కపోతే మన ముత్తాతల్లో కొందరు చచ్చిపోయేవారు. అప్పుడు మనం ఉండేవాళ్లం కాదు. ఇచ్చినవాడి పేరు మర్రిచెట్టు మొదట్లో ఉంది, ఉండనివ్వండి. తీర్చినవాడి పేరు ఎక్కడుంది? ఒక అడ్డకి ఐదు అడ్డలు తీర్చినవాడు, పొలం పెట్టి తీర్చినవాడు, కొడుకుని పాలేరుగా పెట్టి తీర్చినవాడు. ఆ కుటుంబం కష్టంతో పైకొచ్చిందని రాసుకున్నారు. ఎవరెవరి కష్టంతో అని అడిగితే జవాబు ఆ ఎర్రగుడ్డలోనే ఉంది, పేర్లతో సహా. ఆ ఆవర్జా వాళ్ల వంశ చరిత్ర అయితే మన వంశ చరిత్ర కూడా. ఇద్దరి కథా ఒకే పేజీలో ఉంది. వాళ్లు ఎడమవైపు చదివి అచ్చు వేయించారు.

పాత సంగతులు తవ్వి ఏం లాభం అనేవాళ్లకి ఇంకో మాట. ఇది పాత సంగతి కాదు. మన ప్రాంతంలో షావుకారి వంశ చరిత్ర అంటే భూమి కాగితం.

ఎలాగో చెప్తాం. 1959లో భూబదిలీ రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని సవరిస్తూ మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది వచ్చింది. షెడ్యూల్డు ఏరియాలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరేలా రుజువయ్యేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చినట్టే భావించాలని అందులో ఉంది. ఆ రుజువు భారం వాళ్ల మీద. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం చెల్లుతుందని చెప్పింది. ఇప్పుడు ఆలోచించండి. రుజువు భారం మోసేవాడికి ఏం కావాలి? ఈ భూమి 1917కి ముందే మాది, మా ముత్తాత అప్పటికే ఇక్కడ కొట్టు పెట్టాడు, సాగు చేశాడు, అని ఒక కథ కావాలి. తేదీలతో, తరాలతో, పేర్లతో ఉన్న కథ. మా బంధువుల ఊళ్లో నడిచిన ఒక కేసులో మేం అది చూశాం. అవతలివాళ్లు ఐదు తరాల చెట్టు గీసి తెచ్చారు. మన పక్షాన నిలబడిన ముసలాయన్ని అడిగితే తాత పేరు చెప్పాడు, తాత తండ్రి పేరు చెప్పాడు. ఏ సంవత్సరం అంటే "పెద్ద చింతచెట్టు పడిపోయిన ఏడు" అన్నాడు. గదిలో నవ్వారు. ఆ ముసలాయన చెప్పింది నిజమే. ఆ చెట్టు ఎప్పుడు పడిందో ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్లకీ తెలుసు. కానీ దాన్ని రాసి పెట్టినవాడు లేడు. రాయాల్సిన మనిషి, అంటే చదువుకున్న మాలాంటి మాస్టారు, ఆ రోజు ఎలక్షన్ డ్యూటీలో ఉన్నాడు.

రాజాం షెడ్యూల్డు ఏరియా గీతకి బయట ఉంది. సీతంపేట కొండలు గీతకి లోపల. గీతకి బయట కూడా మన ఊళ్లు ఎన్నో ఉన్నాయి, అక్కడ వన్ ఆఫ్ సెవెంటీ లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చారు. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. అప్పటినుంచి ఒక పాత కాగితం కావాలంటే ఏ కలెక్టరాఫీసుకి పోవాలో గుమాస్తాకే తెలియదు. గీతలు మారుతుంటాయి, జిల్లాలు మారుతుంటాయి. పద్దు రాసిపెట్టుకున్నవాడికి ఏ గీతా అడ్డం కాదు.

ఇందులో మన తప్పు లేదా? ఉంది. ముఖ్యంగా మాస్టార్లది. ప్రతి ఏడాదీ పరిసరాల విజ్ఞానంలో మీ వంశవృక్షం గీయండి అని ఒక పని ఉంటుంది. మేం కూడా చాలా ఏళ్లు చెట్టు బొమ్మ గీయించి, అమ్మా నాన్నా తాతా అవ్వా అని నాలుగు డబ్బాలు నింపించి, టిక్కు పెట్టి వదిలేశాం. ఒకసారి ఒక సవర పిల్ల డబ్బాలు నింపకుండా రాళ్లు గీసింది. వరసగా నిలబెట్టిన రాళ్లు. ఇదేంటమ్మా చెట్టు గీయమంటే అని అడిగాం. "మా తాతలు ఇక్కడున్నారు మాస్టారూ" అంది. మాకు సిగ్గేసింది. సవరల్లో చనిపోయినవాళ్లకి గువార్ చేసి రాయి నిలబెడతారని మాకు తెలియదా? తెలుసు. ఆ రాళ్ల దగ్గర దున్నని కోసి విందు పెట్టిన రోజులు చూశాం. చచ్చిపోయినవాళ్ల పేర్లు పుట్టిన పిల్లలకి పెట్టుకుంటారని తెలుసు. గోడమీద బొమ్మలు వేసి అందులో పెద్దల్ని కూచోబెడతారని తెలుసు. ఒక తండ్రి కడుపున పుట్టి విస్తరించిన ఇళ్లన్నిటినీ బిరిందా అంటారని తెలుసు. అది వంశవృక్షం కాక మరేమిటి? జాతాపులకి ఇంటిపేర్లున్నాయి: బిడ్డిక, ఆరిక, మండంగి, నిమ్మక, తోయక, పత్తిక, కొండగొర్రి. ఒక్కో ఇంటిపేరుకీ ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరితో పిల్లనిచ్చి పుచ్చుకోవాలో చెప్పే కథ ఉంది. ఆవర్జా రాసిన గుమాస్తా ఆ ఇంటిపేర్లు చెరిపేసి "జాతాపు ఫలానా గాడు" అని రాశాడు. నూటముప్పై ఏళ్ల తరవాత మేం డబ్బాల్లో టిక్కు పెట్టి అదే పని చేశాం.

మన పేర్లు పెద్ద చరిత్రలోకి ఎక్కాలంటే ఏం కావాలో కూడా చూశాం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్చి చంపితేనే కోరన్న, మంగన్న పేర్లు పుస్తకాల్లోకి వచ్చాయి. వాళ్లు మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్లు. ఆ సంఘం అడిగిన మొదటి కోరికల్లో ఈ అప్పులూ, ఈ భూములూ, ఈ వెట్టీ ఉన్నాయి. ఆ తరవాతి కథ తెలిసిందే. వెంపటాపు సత్యం మాస్టారే, బడిపంతులు. ఆ దారి మీద మనలో మనకి ఎన్నో వాదనలున్నాయి, ఉండొచ్చు. మేం ఇక్కడ అంటున్నది ఒక్కటే. చంపితే గానీ పేరు నిలవని పరిస్థితి ఏ జాతికీ ఉండకూడదు. ఆ రెండు పేర్లతో పాటు సభకి నడిచిన మిగతావాళ్ల పేర్లు ఎవరు రాశారు?

గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం గౌరవిస్తాం. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నాడు, సవర పిల్లలకి బడులు పెట్టాడు, 1930ల్లో వ్యాకరణం, నిఘంటువు అచ్చువేయించాడు. ప్రతి ఆగస్టు 29కీ ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆయనకి ఆ భాష నేర్పిన సవర మనిషి పేరు మాత్రం ఆ సభల్లో మేం ఒక్కసారీ వినలేదు. నేర్చుకున్నవాడు పండితుడయ్యాడు, నేర్పినవాడు కొండవాడిగానే మిగిలాడు.

కొంతమంది తమ్ముళ్లు ఇదంతా విని వెంటనే కోమట్లని తిట్టడం మొదలుపెడతారు. ఫోనుల్లో బూతులు రాసి పంచుకుంటారు. దానివల్ల ఒక్క సెంటు భూమి తిరిగి రాదు. పైగా ఇవాళ మన ఊళ్లలో నూటికి ఐదూ పదీ నెల వడ్డీకి ఇస్తున్నదెవరో ఒకసారి చూడండి. సంతలో కూచునే బయటివాళ్లు ఉన్నారు, గ్రూపు లోన్ల వాళ్లు ఉన్నారు, మన ఉద్యోగస్తులు కూడా ఉన్నారు. మన టీచర్లూ ఉన్నారు. నెలకి పది అంటే ఏడాదికి నూటికి నూట ఇరవై. మన అవ్వల నాటి నాగు ధర కూడా సరిగ్గా అంతే! జీతం వచ్చే గిరిజనుడు జీతం లేని గిరిజనుడికి ఆ రేటుకి ఇస్తే, యాభై ఏళ్ల తరవాత వాడి మనవడు కూడా రంగుల పుస్తకం వేయించుకుంటాడు. అప్పుడు ఈ బుక్‌లెట్‌లో ఇంకొకరు ఇదే వ్యాసం రాయాలి.

మరి ఏం చెయ్యాలంటారు? మా బడిలో రెండేళ్లుగా చేస్తున్నది చెప్తాం. గొప్ప పని కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి ఒక్కొక్కరికి ఒక నోటుబుక్కు ఇచ్చాం. తాతనో అవ్వనో అడిగి, ఎన్ని తరాలు పైకి వెళ్లగలిగితే అన్ని పేర్లు రాయాలి. ఆడవాళ్ల పేర్లు కూడా, పుట్టింటి ఊరితో సహా. కోడలిగా వచ్చిన అవ్వకే ఎక్కువ గుర్తుంటుంది, ఆ సంగతి మాకు పని మొదలుపెట్టాకే తెలిసింది. ఏ పొలం ఎవరు కొట్టుకున్నారు, ఏ పొలం పోయింది, దేనికి పోయింది, ఎవరికి పోయింది. సంవత్సరం తెలియకపోతే పెద్ద చింతచెట్టు పడిన ఏడు అనే రాయాలి. చెట్టు ఎప్పుడు పడిందో పది ఊళ్లు అడిగితే తేలుతుంది. సవర పిల్లలు ముందు సవరలోనే రాస్తారు, తెలుగు లిపిలో. 2004లో బహుభాషా విద్య మొదలైనప్పుడు సవర వాచకాలు వచ్చాయి కదా, ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది. రాసినదాన్ని ఊరి పెద్దల ముందు చదివి వినిపిస్తాం. తప్పుంటే అక్కడే దిద్దుతారు. దిద్దేటప్పుడు పోట్లాటలు కూడా అవుతాయి, అన్నదమ్ముల వాటాల దగ్గర. అవన్నీ రాసుకుంటాం.

ఇది కాలక్షేపం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో 13వది తీసి చదవండి. ఊరి పెద్దల వాంగ్మూలం రాతలో పెడితే సాక్ష్యంగా పనికొస్తుందని ఉంది. వంశక్రమం కూడా సాక్ష్యమే. రాళ్లూ, శ్మశానాలూ, పూజాస్థలాలూ కూడా లెక్కలోకి వస్తాయి. ఆ సవర పిల్ల గీసిన రాళ్ల బొమ్మకి చట్టంలో చోటుంది! ఆ ముసలాయన చెప్పిన చింతచెట్టుని నవ్వులపాలు కాకుండా కాపాడే దారి ఉంది. కాకపోతే ఎవరో కూచుని రాయాలి. 2020 ఏప్రిల్‌లో జీవో 3 కొట్టేశాక మన బడుల్లో మన మాస్టార్లు ఎంతకాలం ఉంటారో తెలియదు. అవ్వ చెప్పే మాట అర్థమయ్యే మాస్టారు ఉండగానే ఈ పని కావాలి. ఈ ఏడాది మా బడి నోటుబుక్కులు రాసేసరికి ముగ్గురు పెద్దవాళ్లు పోయారు. వాళ్లలో ఒకావిడ దగ్గరికి మేం రెండు వారాలు ఆలస్యంగా వెళ్లాం.

రాజాంలో, పాలకొండలో, ఇతర బజార్లలో పాత కొట్లున్న కుటుంబాలకి కూడా ఒక మాట చెప్తాం. మీ ముత్తాతని మీరు తలుచుకోండి, మాకు అభ్యంతరం లేదు. మీ ఆవర్జాలు తగలబెట్టొద్దు, పాతకాగితాలవాడికి వెయ్యొద్దు. కొండ ఊళ్ల పద్దులున్న పేజీలు మాకు ఫొటో తీసుకోనివ్వండి. గొలుసుకట్టు చదవడం వచ్చిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లతో మా పిల్లల్ని ఒక పూట కూచోనివ్వండి. ఆ పేజీల వల్ల మీ భూమి పోతుందని భయపడుతున్నారా? అయితే ఆ భూమి ఎలా వచ్చిందో మీకు తెలుసునన్నమాట. పోదని ధైర్యం ఉంటే చూపించడానికేం?

పెళ్లి అయిన నెలకి మేం ఆ పెద్దాయన కొడుక్కి ఫోను చేశాం. పుస్తకం బాగుందని చెప్పాం. సర్వధారి ఆవర్జాలో మా మేనత్తగారి ఊరి పేజీ ఒక్కటి ఫొటో తీసుకుంటామని అడిగాం. ఆయన మంచిగానే మాట్లాడారు. "అది ఎక్కడుందో చూడాలి మాస్టారూ, దీపావళి పూజకి ఎలాగూ తీస్తాం, అప్పుడు రండి" అన్నారు. దీపావళికి వెళ్లాం. పీట మీద కంప్యూటరు పెట్టి దానికి బొట్టు పెట్టారు. ఎర్రగుడ్డ మూట కనబడలేదు. విశాఖలో ఉన్న తమ్ముడు తీసుకెళ్లాడన్నారు. తమ్ముడి నెంబరు ఇచ్చారు. మూడుసార్లు చేశాం. వచ్చే ఆదివారం విశాఖ వెళ్తున్నాం. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు కూడా వస్తామన్నారు. ఆ ఊళ్లో ఇప్పటిదాకా దొరికిన పేర్లు పదకొండు. వాటిని ఒక కాగితం మీద రాసి ఇచ్చారు, పేజీలో ఉన్న నాలుగింటితో పోల్చి చూడటానికి.